రంగు పట్టని ముక్క

మంగళవారం, సెక్టర్ 2

మరదలు పద్మ కండర పరీక్ష రిపోర్టు వచ్చింది. తొడ నుంచి తీసిన ముక్కకు యాంటీబాడీలు పట్టిస్తారట. ఒక్కొక్కటి తన ప్రోటీన్‌ను వెతికి పట్టుకుంటుంది, అక్కడ గోధుమరంగు కనిపిస్తుంది. డిస్ఫెర్లిన్ అనే ప్రోటీన్‌కు వేసినది మాత్రం రంగు చూపలేదు, అంటే ఆ ప్రోటీన్ లేనట్టే. మస్క్యులర్ డిస్ట్రోఫీ, కండరాలు క్షీణించే జబ్బు, వంశంలోంచి వచ్చేదేనట.

"ఘర్ మే ఔర్ కిసీ కో?" ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని డాక్టరు హిందీలో అడిగాడు.

పద్మ నావైపు తిరిగింది. "అక్క కూడా మోకాళ్ల మీద చేతులేసుకునే లెగిసేది కదేటి బావా?"

నా భార్య సుశీల పోయి రెండేళ్లు. పీట మీద నుంచి అలా లేచినప్పుడల్లా "నౌటంకీ చాలు, నాటకాలాపు" అనేవాణ్ణి. పక్క క్వార్టర్ వాళ్ల ముందు కూడా అన్నాను. నవ్వేసేది. చివరి ఏడాది నా ఎదుట కింద కూర్చోవడమే మానేసింది.

"నేనంతగా గమనించలేదు" అన్నాను. డాక్టరు ఎవరికీ లేదని రాసుకున్నాడు.

ఆటోలో పద్మే నన్ను ఓదార్చింది. "పోన్లెండి బావా, షిఫ్టు డ్యూటీల్లో మీకేటి కనబడతాది."

నేను కాదనలేదు.

రేపు డాక్టరుకు ఫోన్ చేసి నిజం చెప్పాలి. అది పద్మకు తెలియకుండా చెప్పే దారి కోసం ఇంకా చూస్తున్నాను.