నంబరు పడని రోజులు

మా ఇంటి ప్రొఫెసరుకి,

నిన్ను చంకనేసుకు తిప్పిన పెద్దక్క ప్రేమతో రాస్తున్నది.

నీ పుస్తకం అందింది. నాలుగు దేశాల ఆఫీసులను పక్కపక్కన నిలబెట్టావు. మంచాన పడ్డ మనిషి ఇంటికి ప్రభుత్వ నర్సును పంపడానికి ఎక్కడ ఎన్ని రోజులు పడుతుందో లెక్క తేల్చావు. అందులో మా ఆఫీసుదే మొదటి స్థానం. మా సూపరింటెండెంటు ఆ పేజీని జిరాక్స్ తీయించి నోటీసు బోర్డుకి అంటించాడు. "మేడమ్, మీ తమ్ముడు మనల్ని ఆకాశానికెత్తేశాడు" అన్నాడు. నేను నవ్వాను. తర్వాత నా కుర్చీలో కూర్చుని మిగతా పేజీలు చదివాను.

నూట పన్నెండో పేజీలో ఒక ఉదాహరణ ఇచ్చావు. 'పక్షవాతం వచ్చిన ఒక డ్రైవరు ఫైలు ఇక్కడ నాలుగే రోజుల్లో పరిష్కారమైంది' అని. ఆ డ్రైవరు మీ చిన్నబావ.

నీకు తెలిసే అవకాశం లేదు. మేం పంపిన పట్టికల్లో పేర్లు ఉండవు, నంబర్లే. ఆ ఫైలును సోమవారం నేనే నమోదు చేశాను. బుధవారం పొద్దున ఆయన పోయాడు. నువ్వప్పుడు పరాయి దేశంలో లెక్కలు రాసుకుంటున్నావు, ఫోన్లో ఏడ్చావు. గురువారం నేను ఆఫీసుకి వెళ్ళి 'దరఖాస్తుదారు మరణించినందున ముగించడమైనది' అని రాసి ఆ ఫైలు మూసేశాను. ఎలా మూసినా, మూసిన ఫైలు కంప్యూటరుకి పరిష్కారమైన ఫైలే.

అసలు చెప్పవలసింది అది కాదు. ఆ సోమవారానికి ముందు చిన్నక్క నా కౌంటరు దగ్గరికి మూడుసార్లు వచ్చింది. మొదటిసారి డాక్టరు సర్టిఫికెట్ లేదు. "తెచ్చుకుని రా" అన్నాను. "అక్కా, ఆయన్ని అటూ ఇటూ తిప్పి పడుకోబెట్టడం నా ఒక్కదాని వల్ల కావడం లేదే. వీపంతా పుండ్లు పడుతున్నాయి" అంది. "ఇంట్లో అక్కని. ఇక్కడ కాదు" అన్నాను. వెనక లైన్లో ఎవరో "సొంత చెల్లెలికే దిక్కులేదు, ఇంక మనకేం చేస్తుందీవిడ" అన్నారు. దేవుడి ముందు దాచలేనిది నీ దగ్గర దాచడమెందుకు? ఆ మాట నాకు మెప్పులా వినిపించింది. రెండోసారి ముద్ర సరిగా పడలేదన్నాను. మూడోసారి చిరునామా కాగితం పాతదన్నాను. మొత్తం నలభై ఒక్క రోజులు తిప్పాను. ఆయన ఆ పుండ్లు ముదిరే పోయాడు.

కాగితాలు తక్కువైనా దరఖాస్తు తీసుకుని, నంబరిచ్చి, మిగతావి తెచ్చుకోవడానికి గడువివ్వచ్చు. ఇరవై ఏళ్ళు నేను అలాగే చేశాను. నీ లెక్క మొదలయ్యాక సూపరింటెండెంటు "నంబరు పడితే రోజులు మొదలవుతాయి మేడమ్, అన్నీ ఉన్నవే తీసుకోండి" అన్నాడు. నువ్వు నన్నేమీ అడగలేదు. మన ఆఫీసు కూడా పట్టికలో ఉంటుందని ఫోన్లో సంబరపడ్డావు, అంతే. నీ పుస్తకంలో నేను పనిచేసే చోటు బాగా కనపడాలని నాకు నేనే అనుకున్నాను.

నీ పట్టికలో చివర నిలిచిన దేశం గురించి కింద చిన్న అక్షరాల్లో ఒక మాట వేశావు. అక్కడ మనిషి గుమ్మంలో అడుగుపెట్టిన రోజు నుంచే లెక్క కడతారనీ, అందుకే రోజులు ఎక్కువ కనిపిస్తాయనీ. ఆ ఒక్క వాక్యాన్ని ఎన్నిసార్లు చదివానో నాకే తెలియదు.

చిన్నక్కకి ఇదంతా తెలియదు. నిబంధన అంతేననుకుని ఊరుకుంది. ఈ ఆదివారం వెళ్ళి చెబుతాను. నీకు ముందు చెప్పాలనిపించింది.

ఏడుపు రావడం లేదురా. ప్రార్థనలో కూర్చుంటే మాటలూ రావడం లేదు. కూర్చుని లేస్తున్నాను.

పెద్దక్క

*

తమ్ముడూ,

నీ ఉత్తరం చేరింది. ఒక్క ఫైలుతో సగటు మారదన్నావు. నిజమే. ఆ ఒక్కటీ నాకు తెలిసిన ఫైలు. నేను తిప్పి పంపిన మిగతావాళ్ళు ఎందరో, వాళ్ళ ఇళ్ళల్లో ఏం జరిగిందో ఎవరూ రాసుకోలేదు.

వచ్చే నెల ఆ దేశాల అధికారులు మా ఆఫీసును చూసి నేర్చుకోవడానికి వస్తున్నారనీ, ఇప్పుడు కదిలించవద్దనీ రాశావు. నేర్చుకుని వెళ్ళి ఏం చేస్తారో ఆలోచించు.

'చిన్నక్కకి చెబితే నీ మనసు తేలికవుతుంది, దాని మనసు విరుగుతుంది' అన్నావు. నువ్వన్నదాంట్లో న్యాయముంది. అందుకే ఈ ఆదివారం వెళ్ళలేదు. వచ్చే ఆదివారం మాత్రం వెళ్తాను.

పెద్దక్క

*

నా బంగారు తమ్ముడికి,

వెళ్ళాను. చిన్నక్క మెషీను మీద స్కూలు యూనిఫారాలు కుడుతోంది. నిలబడే చెప్పాను. "నీ దరఖాస్తు మొదటిరోజే తీసుకోవచ్చు. నేనే తీసుకోలేదు."

మెషీను ఆపలేదు. "తెలుసు" అంది.

"ఎప్పటినుంచి?"

"మూడోసారి వచ్చినప్పటినుంచి. నీ పక్క కౌంటరావిడ మెట్ల దగ్గర చెప్పింది. 'మీ అక్క తలుచుకుంటే ఈ పూటే నంబరు పడుతుందమ్మా' అని."

"మరి నన్నెందుకు అడగలేదే?"

"అడిగితే, ఏ కాగితం మీద అడుగుతున్నావు అంటావు కదా!"

అప్పుడు మెషీను ఆపింది. దారం తెంపి, కుట్టిన చొక్కా పక్కన పడేసింది. "నువ్వే చెబుతావని రెండేళ్ళు చూశాను. వారం వారం పళ్ళు పట్టుకుని వచ్చేదానివి. నా నెత్తిన చెయ్యిపెట్టి ప్రార్థన చేసి పోయేదానివి. నీ దేవుడు కూడా అన్ని కాగితాలూ ఉంటేనే తీసుకుంటాడా అక్కా?"

"నాకు తెలియదు" అన్నాను. నిజంగానే తెలియదు.

"ఇంక వెళ్ళు. నేను పిలిచేదాకా రాకు" అంది. ఎప్పుడు పిలుస్తావని అడగలేదు. చెప్పులు వేసుకుని వచ్చేశాను.

మర్నాడు ఆఫీసులో, నీ లెక్క సాగిన ఆరు నెలల్లో నా కౌంటరులో దరఖాస్తులు ఎలా తీసుకున్నామో రాసి సంతకం చేసి ఇచ్చాను. "ఇంకో ఏడాదిలో హాయిగా రిటైరవుతారు, ఈ తలనొప్పి అవసరమా మేడమ్?" అన్నాడు సూపరింటెండెంటు. మెమో ఇచ్చాడు, తీసుకున్నాను. నేను రాసిచ్చిన కాగితం నకలు దీంతో పెడుతున్నాను. ఆ అధికారులు బయల్దేరకముందే వాళ్ళకి పంపించు. నూట పన్నెండో పేజీ తీసేయకు, దిద్దు. నాలుగు రోజులు కాదు, నలభై అయిదు.

చిన్నక్క పొమ్మని ఇవాళ్టికి తొమ్మిది రోజులు. పిలుపు రాలేదు. పొద్దున్నే లేస్తున్నాను, కూర్చుంటున్నాను, ఆఫీసుకి వెళ్తున్నాను. నాకేమీ కష్టంగా లేదు, అదే విచిత్రం.

చిన్నక్క నీకు ఫోన్ చేస్తే బాగా చూసుకో. మాట్లాడు. అయితే నా మాట ఎత్తకు. అక్కని పిలవవే అని ఎన్నడూ అనకు. నా తరఫున సిఫార్సు వద్దు.

నీ
పెద్దక్క