గోడ అవతలి నిద్ర

చెల్లాయికి,

ఫోనులో నువ్వు క్లాసు సంగతి అడిగినప్పుడు ముక్తసరిగా మాట్లాడాను. కోపం కాదు, ఓపిక లేక.

మన అపార్ట్‌మెంటు హాలుకు అనుమతి పగటిపూట తరగతులకే. వినికిడి లేని పిల్లలకు నువ్వు డాన్సు నేర్పేది మధ్యాహ్నమే కనుక నీ తప్పేమీ లేదు. కానీ డోలును చెక్కనేల మీద పెట్టి వాయిస్తేనే గదా వాళ్ల పాదాలకు తాళం తెలిసేది. గోడ అవతల ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ చేసొచ్చిన నర్సమ్మ పడుకుంటుంది. ఫిర్యాదు ఆవిడదే. అపార్ట్‌మెంటు సంఘం కార్యదర్శిని కనుక మీ ఇద్దరి మధ్యా తిరగలేక నా ప్రాణం విసిగిపోయింది.

ఆవిడకు మీ క్లాసు చూపిస్తే మెత్తబడుతుందనుకున్నాను. "పిల్లలు ముచ్చటగా ఉన్నారండీ. అలాగని నాకు నిద్ర పట్టదు కదా" అంది.

నిన్న పొద్దున కమిటీలో, క్లాసును సాయంత్రానికి మార్చి ఆ వేళకూ అనుమతి ఇద్దామన్నాను. "ఒకరికి ఇస్తే రేపు అందరూ వస్తారు" అని మేడమీది పెద్దాయన లేచాడు. మిగతావాళ్లూ అందుకున్నారు. మనవాళ్ల గొంతులు నీకు తెలుసుగా.

డ్యూటీ దిగి నేరుగా వచ్చిన నర్సమ్మ, "సాయంత్రం నేను ఇంట్లో ఉండను. ఆ పిల్లల క్లాసు మాత్రం ఆపకండి" అంది. కూర్చున్న కాసేపటికే కుర్చీలో నిద్రపోయింది.

పెద్దాయన మళ్లీ ఏదో అనబోయి, ఆవిడను చూసి గొంతు తగ్గించాడు. తర్వాత అందరూ గుసగుసలే. ఓటు అడిగితే చేతులెత్తారు, ఆయనతో సహా. కుర్చీలు చప్పుడు కాకుండా జరుపుకొని ఒక్కొక్కరే వెళ్లిపోయారు. ఆవిడ లేచేదాకా నేను గుమ్మంలో కూర్చున్నాను.

సోమవారం నుంచి పిల్లలను సాయంత్రం తీసుకురా.

అన్నయ్య