తాండ్ర ఎందుకు పంచేశానంటే

భిలాయి, సెక్టర్ 6
కార్తీక సోమవారం

అక్కకి,

చెల్లెలు పార్వతి దణ్ణాలు. నువ్వు, బావగారు, పిల్లలు కులాసాగా ఉన్నారని తలుస్తాను. నీ మోకాళ్ళ నొప్పి ఎలా ఉంది? ఇక్కడ చలి మొదలైంది. పొద్దుటి షిఫ్టుకి మీ మరిది చెవులకి మఫ్లర్ చుట్టుకుని సైకిలెక్కుతున్నారు. మేమూ కులాసా అని ప్రతిసారీ రాసే మాట మాత్రం ఈసారి కాస్త ఆగి రాస్తాను. కంగారు పడకు. మొత్తం చదివాకే ఏడుద్దువుగాని.

దసరాకి వచ్చి వెళ్ళిన అప్పలనాయుడన్నయ్య నీకేం చెప్పాడో నాకు తెలుసు. నువ్వు పంపిన తాండ్ర డబ్బా పక్క క్వార్టర్లో చూశానని చెప్పుంటాడు. అప్పట్నుంచి నీ దగ్గర్నుంచి కార్డు ముక్క లేదు. అన్నయ్య చూసింది నిజమే. నేనే ఇచ్చేశాను. "నా చేతి తిండి దీనికి ఆనడం లేదు కాబోలు," అని నువ్వు అనుకుని ఉంటావు. అమ్మ పోయాక నన్ను సాకినదానివి, నీకు కోపం రాకపోతే ఇంకెవరికి వస్తుంది!

అసలు సంగతి ఇది. శ్రావణంలో నా రొమ్ములో గడ్డ తీసేశారు. మంచి గడ్డ కాదు. ఇప్పుడు మూడు వారాలకోసారి నరంలోకి మందు ఎక్కిస్తున్నారు. ఆరింట్లో నాలుగయ్యాయి. చెబితే నువ్వు అన్నం మానేస్తావని దాచాను. బాగానే ఉన్నానక్కా, నిజంగా. జుట్టు ఊడింది, మళ్ళీ వస్తుందట. అన్నయ్య వచ్చినప్పుడు కనబడకుండా నెత్తిన కొంగు కప్పుకుని తిరిగాను.

ఆ మందుకి కడుపులో తిప్పుతుందని నర్సు చెప్పగానే నాకు నువ్వే గుర్తొచ్చావు. చిన్నప్పుడు బస్సెక్కితే వాంతి రాకుండా నా దవడన తాండ్ర ముక్క పెట్టేదానివి కదా. అలాగే ఓ ముక్క పెట్టుకుని వెళ్ళాను. సాయంత్రం ఇంటికొచ్చాక మొదలైంది, పేగులు బయటికొస్తాయా అన్నంతగా. రెండోసారీ అంతే. మూడోసారి మూత తీశానో లేదో, వాసనకే కక్కేశాను. మీ మరిది నెత్తి పట్టుకున్నారు. "ఏటే, మీ అక్క తాండ్ర మీద నీకీ పగేటి?" అన్నారు.

డబ్బా ఇంట్లో ఉంటేనే తిప్పేది. నువ్వు ఎండలో నిలబడి పొర మీద పొర పోసినదాన్ని పారెయ్యడానికి చేతులు రాలేదు. అందుకే పక్కింటికి ఇచ్చాను. వాళ్ళ పిల్లలు ఇప్పటికీ "ఔర్ హై క్యా, చాచీ?" అని, ఇంకా ఉందా పిన్నీ అని, గుమ్మంలోకి వస్తున్నారు.

ఆసుపత్రిలో ఓ చిన్న డాక్టరమ్మ ఉంది. మన తెలుగు పిల్లే, ఇక్కడే పుట్టింది. ఆ పిల్ల ముందు ఏడ్చేశాను. "గల్తీ తాండ్రది కాదు ఆంటీ, దవాయిది. మీ దిమాగ్‌కి ఆ సంగతి తెలీదు," అని చీటీ వెనక బొమ్మ గీసింది. నాలుక మీది రుచి నరాల వెంట తలకాయ అడుగున ఓ చోటికి చేరుతుందట. కడుపు నుంచి పైకి పోయే పెద్ద నరమూ అక్కడికే వస్తుందట. నెత్తుట్లో విషంలాంటిది కలిస్తే పసిగట్టే చోటు కూడా ఆ పక్కనే. రెండు రైలు లైన్లు జంక్షన్లో కలిసినట్టన్నమాట. అక్కణ్ణించి కబురు ఇంకా పైకి, రుచుల్ని, భయాల్ని గుర్తుపెట్టుకునే చోట్లకి పోతుందట. పొద్దున తిన్నదానికీ సాయంత్రం వాంతికీ అక్కడ ముడి పడిపోతుంది. ఒకసారి విషపు కాయ తిన్న ప్రాణి మళ్ళీ తినకుండా బతకాలని ఆ ఏర్పాటట. తప్పు మందుదేనని నాకు తెలుసు, అయినా ఆ ముడి నా మాట వినదు. మెల్లగా తగ్గొచ్చు, ఎప్పటికని చెప్పలేనంది.

ఇకనుంచి మందు రోజున ఇష్టమైనవేవీ తినొద్దంది. ఘాటైన వాసనది, పోయినా దిగులు లేనిది ఏదైనా ముందు తినమంది, చెడ్డపేరు దానికే పోతుందట. "అయితే నా ఉప్మా ఉంది కదేటి! అది పోతే ఎవడికి నష్టం?" అన్నారు మీ మరిది. సోంపు గుమ్మరించి చేసి పెట్టారు. పాపం, దాన్ని ఇక జన్మలో తినలేను. కానీ చారు, చోడంబలి ఇంకా నోటికి హితవుగానే ఉన్నాయి. వీలైతే రెండు శేర్ల చోడిపిండి పంపు, ఇక్కడి రాగిపిండికి ఆ రుచి లేదు.

బావగారికి నమస్కారాలు చెప్పు. పిల్లల్ని ముద్దాడానని చెప్పు.

ఇంకా రెండుసార్లు మందు ఎక్కించాలక్కా. నాకు భయమేస్తోంది. నిన్ను రమ్మందామంటే ఇంకో భయం. నువ్వు పక్కనుండగా అంత బాధ పడితే, రేపు నీ మొహం చూసినా నాకు తిప్పుతుందేమోనని. నవ్వకు. డాక్టరమ్మని అడిగేశాను. ఆ పిల్ల నవ్వలేదు. "తిండిని పట్టుకుంటుంది ఆంటీ, హాస్పిటల్ వాసనని కూడా పట్టుకోవచ్చు. మనుషుల్ని పట్టుకోవడం నేనైతే చూళ్ళేదు. మీ దీదీని బులాయించండి," అంది.

రా అక్కా. మందు రోజు మాత్రం నీ చేత్తో నాకు మెతుకు కూడా పెట్టకు. నీకది ఎంత కష్టమో తెలుసు. ఊరికే నా చెయ్యి పట్టుకుని కూర్చో.

నీ దీవెన కోసం చూసే
చెల్లెలు
పార్వతి