ఎడమ అంటే ఎడమే

చేపల రేవు, సోమవారం

ప్రియమైన దర్జీ గారికి,

ఫోన్ చేయొద్దన్నావు. గొంతు వింటే మళ్ళీ దెబ్బలాటకు దిగుతామని, ఏమన్నా ఉంటే కాగితం మీద పెట్టమని బస్సెక్కుతూ అన్నావు. సరే, పెడుతున్నాను. మీ అక్క కంట పడకుండా చూసుకో.

నువ్వు సంచీ తీసుకుని దిగిపోయిన రేవు నుంచి ఒక్కణ్ణే బయల్దేరి నిన్న మధ్యాహ్నానికి ఇక్కడికి చేరాను. నా వల్ల కాదనుకున్నావేమో, నిక్షేపంగా అయింది. చుక్కాని కర్రకు తాడు కట్టి, ముందుకీ వెనక్కీ కోతిలా గెంతుతూ వచ్చాను. నా చేత్తో చేసిన పడవ నా మాట వినదా? తెరచాప మాత్రం వినలేదు. కుట్టింది నువ్వు కదా, నీ పోలికే. రెండుసార్లు చెంప వాయించింది.

ఒడ్డుకు చేరుతూ, తెరచాప వాసం తిరగబోతుంటే అలవాటుగా "తల జాగ్రత్త!" అని అరిచాను. గట్టు మీద వల బాగు చేసుకుంటున్న ముసలాయన ఉలిక్కిపడి తల వంచాడు. పడవలో వంచేవాళ్ళెవరూ లేరు మరి.

ఆకులు రాలడం మొదలవగానే తీరం పట్టుకుని దక్షిణానికి వెళ్ళిపోవడం మనకిది మూడో ఏడు. ఈసారి నాలుగు రేవులు దాటకుండానే చెరో దారి పట్టాం. ఇసుక మేట సంగతి ఎత్తకూడదనుకుంటూనే ఎత్తుతున్నాను. ముందు కూర్చుని దారి చూసి చెప్పడం నా పని, వెనక కూర్చుని చుక్కాని తిప్పడం నీ పని. నేను ఎడమ అన్నాను. నీ చేయి ఎక్కువ తిరిగింది, పడవ ఇసుకెక్కి ఆగిపోయింది. తప్పు నీ చేతిదని ఒక్క మాట అన్నందుకు మొగుణ్ణి వదిలేసి పోతారా ఎవరైనా? పోటు వచ్చి పడవను లేపేదాకా నాలుగు గంటలు ఎదురుబొదురుగా కూర్చుని ఒక్క ముక్క మాట్లాడలేదు నువ్వు. తిట్టినా బాగుండేది.

రేపో ఎల్లుండో దీపస్తంభం రేవుకు వెళ్తాను. ఉత్తరం అక్కడికి రాయి.

నీ వడ్రంగి

*

అక్క ఇల్లు, ఆదివారం

ప్రియమైన వడ్రంగి గారికి,

ఉత్తరం అందింది. అక్క కంట పడలేదు, నేనే చదివి వినిపించాను. "మొగుడు నీళ్ళ మీద, పెళ్ళాం నేల మీద. ఇదేం కాపురమే!" అని కత్తెర పక్కన పెట్టి మరీ నవ్వింది.

కుట్టు దుకాణం వెనక గది నాకిచ్చింది. ఒక మంచం, ఇస్త్రీ బల్ల, కిటికీ తీస్తే బస్సుల షెడ్డు గోడ. చలి వస్తోందని ఊరు ఊరంతా పాత కోట్లు పట్టుకొచ్చింది. పొద్దుట్నుంచీ చిరిగిన లోపలి అస్తర్లు మార్చడమే పని. తెరచాపలు కుట్టిన చేతులు జేబుల్లో దూరి ఊపిరాడక చస్తున్నాయి. మంచం కదలదు, నిద్ర రాదు. అక్క బాగానే చూసుకుంటోంది. అయినా నేనిక్కడ ఎవరికీ ఏమీ కానట్టే ఉంటోంది.

అన్నట్టు, మీ అక్షరాలు ఎప్పట్నుంచి కోటు బొత్తాలంత అయ్యాయి? నాలుగు వరుసలకే ఒక్కో కాగితం అయిపోయింది.

ఒక్కటే అడుగుతాను. ఇసుక మేట రోజు ఏం జరిగిందో ఉన్నదున్నట్టు రాయండి. మీరు చెప్పినదానికన్నా నా చేయి వీసమెత్తు ఎక్కువ తిరగలేదు. నిజం రాస్తే వెంటనే బస్సెక్కుతాను. రాయకపోతే ఈ కోట్ల మధ్యే చలికాలం గడిపేస్తాను. నా మొండితనం మీకు తెలియంది కాదు.

మీ దర్జీ

*

దీపస్తంభం రేవు, బుధవారం

ప్రియమైన మొండి దర్జీకి,

నా కళ్ళకేం వచ్చింది? లక్షణంగా ఉన్నాయి. ఊగే పడవలో కూర్చుని రాస్తే ఎవరి అక్షరాలైనా అలాగే ఉంటాయి.

ఇక్కడికి వచ్చి ఇది తొమ్మిదో రోజు. గాలి లేదు, అందుకే ఆగాను. వచ్చిన రోజు పదకొండు పడవలున్నాయి. ఒక్కొక్కటే దక్షిణానికి వెళ్ళిపోయి ఇవాళ్టికి నేనొక్కణ్ణే మిగిలాను. టీ దుకాణం వాడు కూడా బల్లలు లోపల పెట్టి తాళం వేసుకుని పోయాడు. పొద్దున్నే లేచి తాళ్ళు విప్పి, మళ్ళీ చుట్టి పెడతాను. తర్వాత ఏం చేయాలో తోచదు. తలుపుకు వార్నిష్ వేశాను. ఆరాక మళ్ళీ వేశాను.

బట్టలుతికే దుకాణం పెద్దావిడ "మీ ఆవిడేదీ నాయనా?" అంది. వెనక వస్తోందని చెప్పాను. ఆవిడ నమ్మలేదు. రోజూ అదే అడుగుతుంది, నేనూ అదే చెబుతాను. మాట్లాడే మనిషి ఆవిడొక్కతే మరి.

ఇసుక మేట గురించి రాయాల్సింది రాశాను. కొత్తగా రాయడానికేం లేదు.

నీ వడ్రంగి

*

అక్క ఇల్లు, మంగళవారం

ప్రియమైన మీకు,

నేను అక్షరాల మాట ఎత్తాను గానీ కళ్ళ మాట ఎత్తలేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది మీ ఉత్తరం.

అక్క దుకాణంలో రేడియో ఉంది. ఆరింటికి వాతావరణం చెబుతారు. మీరు రాసిన ఆ తొమ్మిది రోజులూ మీ రేవు దగ్గర ఉత్తరపు గాలే, దక్షిణానికి పోయేవాళ్ళకు అంతకన్నా మంచిది ఉండదు. ఆ పదకొండు పడవలూ గాలి లేకుండానే వెళ్ళాయా? అది వినీ వినీ నాకు భయం పట్టుకుంది. కోపం పోలేదు, దాని పక్కనే భయం వచ్చి కూర్చుంది.

మిమ్మల్ని ఆపింది గాలి కాదు. ఏమిటో చెప్పండి.

మీ దర్జీ

*

దీపస్తంభం రేవు, శనివారం

ప్రియమైన నీకు,

నీ ఉత్తరం వచ్చి ఇరవై రోజులు దాటింది. ఈ దస్తూరీ నాది కాదు. రేవు ఆఫీసు గుమాస్తా గారు రాసిపెడుతున్నారు. నీ ఉత్తరం కూడా ఆయనే చదివి వినిపించారు. గుమ్మడికాయల దొంగ దగ్గర నవ్వారు, తర్వాత నవ్వలేదు. మంచి మనిషి, తలెత్తకుండా రాస్తున్నారు.

నా కళ్ళు పోతున్నాయే. పోయిన వసంతంలో, రంపం కొనుక్కొస్తానని వెళ్ళిన రోజు, డాక్టరు దగ్గరికి వెళ్ళాను. చూపు నడిమధ్య మచ్చ పడిందట. తగ్గదట, పెరుగుతుందట. నీకేసి చూస్తే జుట్టు కనబడుతుంది, చెవులు కనబడతాయి, మొహం ఉండదు. పక్కచూపుతో నెట్టుకొచ్చాను. ఆ రోజు నీళ్ళ మీద తేలే గుర్తుల్లో ఎర్రదేదో పచ్చదేదో తేలలేదు. పాత జ్ఞాపకం మీద ఎడమ అనేశాను. నువ్వు చెప్పినట్టే తిప్పావు. పడవ ఇసుక మీదికి ఎక్కేసింది.

చెబితే పడవ ఎక్కనివ్వవని భయం. పడవ లేకపోతే నేనెవరికి ఎందుకు పనికొస్తానని ఇంకో భయం. అందుకని నేరం నీ నెత్తిన రుద్దాను. ముప్పై నాలుగేళ్ళ కాపురంలో ఇంత చిన్నతనంగా ఎప్పుడూ లేదు నాకు. ఒక్కణ్ణే పడవ నడిపానని గొప్పలు పోయాను కదా, రెండుసార్లూ చేపల పడవ వెనక తోకలా వచ్చాను.

పడవ అమ్మి పెట్టమని ఇక్కడి పడవల మేస్త్రికి చెప్పాను. నువ్వేం రావద్దు, నేనే వస్తాను. క్షమించమనను. మీ అక్కను ఇంకో మంచం చూడమను.

నీ వడ్రంగి

*

అక్క ఇల్లు, గురువారం

ప్రియమైన మీకు,

ఇది గుమాస్తా గారే మీకు చదవాలని తెలిసే రాస్తున్నాను. గుమాస్తా గారూ, దయచేసి ఒక్క మాట కూడా మింగకుండా చదవండి.

మీ కళ్ళ సంగతి నాకు తెలుసు. డాక్టరు మీకు చెప్పడానికి ఆర్నెల్ల ముందే తెలుసు. నిరుడు బయల్దేరిన రెండో రోజు టీ కప్పులో కాక పక్కన పోశారు. మర్నాడు గట్టు మీది స్తంభాన్ని "బాగున్నారా?" అని పలకరించారు. ఆ సాయంత్రం కుడి అనాల్సిన చోట ఎడమ అన్నారు. నేను "ఎడమే" అని పైకి అని, కుడికి తిప్పాను. మీరు చెప్పిన దారి సరిగ్గా ఉంటే అలా, లేకపోతే నా దారిన తిప్పేదాన్ని. నిరుడు దక్షిణానికి వెళ్ళిందీ, తిరిగొచ్చిందీ అలాగే. ప్రతి రేవులోనూ మీరు "కన్ను నాది, చేయి ఆవిడది" అని జబ్బలు చరుచుకుంటుంటే పక్కన నిలబడి నవ్వాను.

చెప్పేయొచ్చు కదా అంటారు. మీరే చెప్పాలని ఉండేది నాకు. పడవలో ఇద్దరమున్నా చూసేది నేనొక్కదాన్నే. అలలూ, రాళ్ళూ, ఎదురొచ్చే ఓడలూ అన్నీ నావే, ఆ సంగతి పంచుకోవాల్సిన మనిషి ఎదురుగా కూర్చుని హుషారుగా కబుర్లు చెబుతుండేవాడు. అంత ఒంటరితనం ఈ వెనక గదిలో కూడా లేదు.

ఇసుక మేట రోజు మీరు ఎడమ అన్నారు. ఎడమ పక్క నీళ్ళ కింద ఇసుక తెల్లగా కనబడుతూనే ఉంది. అలల్లేవు, పోటు వచ్చే వేళ, అడుగున మెత్తటి ఇసుక, పడవకేం కాదు. ఇవన్నీ చూసుకున్నాను. చూసుకుని, ఇవాళ ఎడమ అంటే ఎడమే అనుకుని తిప్పాను. పడవ ఆగితే నిజం మీ నోట వస్తుందని ఆశ.

మీరు "నీ చేయి" అన్నారు. నాలుగు గంటలు నేను నోరు విప్పనిది కోపంతో కాదు. ఆ మాట నిజం కనుక. చూపు పోతున్న మనిషిని కళ్ళు తెరుచుకుని ఇసుక మీదికి తీసుకెళ్ళాను. ఆ సిగ్గుతో మీ ఎదురుగా కూర్చోలేక దిగిపోయాను. పైగా నిజం రాయమని మిమ్మల్ని పీడించి, నాది మాత్రం కడుపులో దాచుకున్నాను. మీరు చేయని తప్పుకు మీ చేత ఒక పరాయి మనిషి ముందు తల వంచించాను.

పడవ అమ్మొద్దు. చుక్కాని పట్టుకోవడానికి కళ్ళక్కర్లేదు, కర్ర చేతికి తగిలితే చాలు, నీళ్ళు ఎటు లాగుతున్నాయో మీకన్నా ఎవరికి బాగా తెలుసు? నేను ముందు కూర్చుని దారి చెబుతాను. కానీ ఒకటి ఆలోచించుకోండి. నేను ఎడమ అంటే మీరు ఎడమకే తిప్పాలి. నేను నిజం చెప్పానో లేదో చూసుకునే దారి మీకిక ఉండదు. ఒకసారి మోసం చేసిన మనిషిని నేను.

ఆదివారం బస్సు పన్నెండింటికి అక్కడికి వస్తుంది. నన్ను ఎక్కించుకునేట్టయితే రేవు గేటు దగ్గర నిలబడండి. మీరు లేకపోతే తప్పు పట్టను. నాలుగింటికి తిరుగు బస్సుంది.

మీ దర్జీ

గుమాస్తా గారూ, ఇక్కడికి అయిపోయింది. కాగితం ఆయన చేతిలో పెట్టి, మీరు కాసేపు అలా బయటికి వెళ్ళిరండి.