నమ్మకంగా బిగించినోడు

వడమాలపేట

చిరంజీవి రూపశ్రీకి, నీ పెదనాయన చిన్నబ్బ చేతులారా దీవించి రాస్తున్నది.

ఇక్కడ అందరం బాగున్నాం, కంప్యూటర్ తప్ప. ఫోన్లో చెబుదామంటే నువ్వు మాట్లాడేది నా చెవికి సగమే ఎక్కుతుంది. మన పక్కింటి ఢిల్లీబాబు రోజూ శ్రీ సిటీలో మీ కంపెనీకే వస్తాడు కాబట్టి ఉత్తరం అతని చేతికిస్తున్నాను. జవాబు కూడా కాగితం మీదే రాయి తల్లీ.

సంగతేమంటే, మీ పెద్దమ్మ నీ నిశ్చితార్థం జాకెట్ కోసం నెమళ్ళ డిజైన్ ఒకటి కుట్టు షాపు కంప్యూటర్లోకి దించుకోవాలంది. కంప్యూటర్ చోటు లేదంటుంది. వెతికితే 'విండోస్ ఓల్డ్' అని ఒక ఫోల్డరు సగం చోటు ఆక్రమించుకుని కూర్చుంది. మన ఇంటి పాత కిటికీలు ఎప్పుడో పీకించి ఇనపవి పెట్టించానే, దీనికి తెలియదా? డిలీట్ కొడితే పర్మిషన్ లేదంటుంది. నా ఇంట్లో, నా కరెంటు తిని, నాకే పర్మిషన్ లేదా!

కోపంగా ఉన్నా నీ మీద కాదని తెలుపుతూ,
నీ పెదనాయన

తా.క.: మంచిమాటతో అడిగి చూడమంది మీ పెద్దమ్మ. అడిగాను. వినలేదు.

*

సూళ్లూరుపేట

పెదనాయనకు, పెద్దమ్మకు రూపశ్రీ నమస్కారాలు.

అవి ఇంటి కిటికీలు కాదు పెదనాయనా. నాయన పుత్తూరులో తన షాపులోని పాత కంప్యూటర్‌ని కొత్తగా చేసి నీకు బిగించాడు కదా, అప్పుడు లోపలి పాత సామానంతా తోసిపెట్టిన గది అది. దాని మీద బాణం పెట్టి మౌస్ కుడివైపు నొక్కు. ప్రాపర్టీస్, తర్వాత సెక్యూరిటీ, తర్వాత అడ్వాన్స్‌డ్. అక్కడ ఓనరు అని ఉంటుంది. అది మార్చి నీ పేరు పెట్టుకో.

ఇంకో మాట. నిశ్చితార్థానికి నాయన నిన్ను పిలవనంటున్నాడు. "ఆయనొస్తే నేను వీధిలో నిలబడతా" అంటాడు. నువ్వేమో పిలిచినా రానంటావు. మీ అన్నదమ్ములిద్దరూ పక్కపక్కన కూర్చుంటేనే నేను తాంబూలాలు మార్చుకోనిస్తాను. లేదంటే లేదు.

మీ ఇద్దరి మొండితనమూ వచ్చిన,
రూపశ్రీ

తా.క.: కుడివైపు అంటే మౌస్ మీదుండే కుడి బటన్. మౌస్‌కి కుడిపక్కనున్న టేబుల్ కాదు.

*

వడమాలపేట

చిరంజీవి రూపశ్రీకి పెదనాయన దీవెనలు.

ఆ తా.క. ముందే చదివి ఉండాల్సింది. టేబుల్‌ని చాలాసేపు నొక్కాను.

ఓనరు చూశాను. పేరు లేదు. ఎస్, ఒకటి, ఐదు, ఇరవై ఒకటి అని గీతలు పెట్టి చాంతాడంత నంబరు ఉంది. చూడగానే తెలిసిపోయింది, అది సర్వే నంబరని. ఎవరో నా చోటు కాజేశారు. రాసుకుని సర్వేయర్ సుందరరాజు దగ్గరికి పోయాను. ఆయన కళ్ళద్దాలు తుడుచుకుని, "ఇన్ని సబ్ డివిజన్లు నా సర్వీసులో సూళ్ళేదప్పా. ఈ భూమి యాడుండాది?" అన్నాడు. "సి డ్రైవ్‌లో" అన్నాను. "ఆ ఊరు మన మండలంలో లేదే!" అన్నాడు.

చివరికి ఢిల్లీబాబే వచ్చి ఓనరుగా నా పేరు ఎక్కించాడు. పట్టా చేతికొచ్చినట్టు సంబరపడి డిలీట్ కొట్టాను. ఇప్పుడు 'ట్రస్టెడ్ ఇన్‌స్టాలర్' పర్మిషన్ కావాలట. అంటే ఏమిటని అడిగితే, "నమ్మకంగా బిగించినోడు అని పెద్దాయనా" అన్నాడు ఢిల్లీబాబు.

బిగించింది ఎవరు? మీ నాయన మునికుమార్. మీ పెద్దమ్మ మన ఇంట్లోనే కుట్టు షాపు తెరిచిన రోజు, కంప్యూటర్ బిగించడం అయ్యాక ఒక స్క్రూ మిగిలింది. చుట్టాలందరూ విస్తళ్ళ ముందు ఉండగా, "ఈ స్క్రూ యాడిదిరా? కంప్యూటర్‌దా, నీ తలకాయదా?" అన్నాను. అందరూ నవ్వారు. సగం అన్నంలో లేచి పోయినవాడు రెండేళ్ళుగా నా గడప తొక్కలేదు. తమాషా మాటకి ఇంత పట్టింపా? నేను పోయి పర్మిషన్ అడగను. ఆ ఫోల్డరు అక్కడే ఉండనీ.

నీ పెదనాయన

తా.క.: ఆ స్క్రూ నా దగ్గరే ఉంది. ఏ చొక్కా వేసుకుంటే ఆ జేబులోకి మారుస్తుంటాను. ఎందుకని అడగొద్దు.

*

సూళ్లూరుపేట

పెదనాయనకు నమస్కారాలు.

నువ్వన్నది నిజమే. బిగించినవాళ్ళే పర్మిషన్ ఇవ్వాలి. నాకు తెలిసి ఇంకో దారి లేదు. పెద్దమ్మ నెమళ్ళు, నా జాకెట్, నా నిశ్చితార్థం అన్నీ ఆ ఫోల్డరు వెనకాలే ఆగిపోయాయి. నాయన వచ్చి తన చేత్తో నొక్కాల్సిందే.

నీ మీదే ఆశ పెట్టుకున్న,
రూపశ్రీ

తా.క.: "ఆ కంప్యూటర్ బాగుండాదా?" అని నాయన అప్పుడప్పుడూ అడుగుతుంటాడు. కంప్యూటర్ గురించే అడుగుతున్నాడని అనుకుంటున్నాను.

(అదే కవరులో వేరే చీటీ)

ఢిల్లీబాబన్నా, డిస్క్ క్లీనప్ అని ఉంటుంది, అది నొక్కితే ఆ ఫోల్డరు దానంతట అదే పోతుంది. ఈ మాట పెదనాయన చెవిన పడిందో, కంపెనీ బస్సులో సీట్లు రాసేది నేనే, నీ కిటికీ పక్క సీటు మర్చిపో.

*

వడమాలపేట

గడుసుపిల్ల రూపశ్రీకి, పెదనాయన ముద్దుగా తిట్టి రాస్తున్నది.

ఢిల్లీబాబు రెండు కాగితాలూ నా చేతికే ఇచ్చాడు. ఏది ఎవరికో చూసుకునే ఓపిక అతనికి ఎప్పుడుంది? రెండూ చదివాను. డిస్క్ క్లీనప్ యాడుందో కనుక్కున్నాను కూడా. నొక్కబోయి ఆగాను. నొక్కితే ఫోల్డరుతో పాటు పుత్తూరు పోయే సాకు కూడా పోతుంది. ఈ రెండేళ్ళూ నేను వెతుక్కుంటున్నది ఆ సాకేనని అప్పుడు తెలిసింది.

బస్సెక్కి పుత్తూరులో మీ నాయన షాపుకి పోయాను. "ఒరే మునీ, నమ్మకంగా బిగించినోడు పర్మిషన్ ఇస్తేనే ఆ ఫోల్డరు పోతాదంట. అది నువ్వేనంట. కంప్యూటరే చెప్పింది" అన్నాను.

వాడు వైరు చుట్టడం ఆపి, "ఇంకేమన్నా చెప్పిందా?" అన్నాడు.

"మీ అన్నకే ఒక స్క్రూ తక్కువని చెప్పింది" అని జేబులోంచి తీసి వాడి చేతిలో పెట్టాను. వాడికి నవ్వు ఆగలేదు. నాకు ఏడుపు ఆగలేదు.

ఆ పూటే వచ్చి ఫోల్డరు తుడిపేశాడు. స్క్రూ వెనక మూతదేనట, బిగించాడు. మీ పెద్దమ్మ విస్తరి వేసి, "ఆ పొద్దు సగంలో లేసినావు, మిగతాది ఇప్పుడు తిను" అంది. తిన్నాడు. నీ నిశ్చితార్థంలో ఇద్దరం పక్కపక్కనే కూర్చుంటాం. నెమళ్ళు కూడా జాకెట్ ఎక్కాయి.

నీ చేతిలో హాయిగా మోసపోయిన,
పెదనాయన

తా.క.: జవాబు మూడు వారాలు ఎందుకు ఆలస్యమైందో విను. పని అయిపోయాక వాడు మళ్ళీ ఎందుకొస్తాడని భయం పట్టుకుంది. అందుకని శనివారమైతే నేనే ఒక 'న్యూ ఫోల్డర్' చేసి పెడుతున్నాను. ఆదివారం వాడొచ్చి, "ఇది యాడినించి వస్తా ఉండాదో!" అంటూ తుడిపేసి, అన్నం తిని పోతాడు. మొన్న వాడు పోయాక చూస్తే ఇంకో న్యూ ఫోల్డర్ ఉంది. అది నేను పెట్టింది కాదు.