సంతలో మూడు రాశిచక్రాలు

కోమో సరస్సు పైన, మన ఇంటి నుంచి.

ఒర్సొలాకు నీ భర్త అబ్బొందియో ఎవరి చేతా రాయించకుండా స్వయంగా రాసేది. ఇక్కడ అందరం క్షేమం. అందరం అంటే నేనూ, కుక్కా, కోళ్ళూ. అక్కడ నువ్వూ, అమ్మాయి నివెస్, పిల్లలూ క్షేమమని తలుస్తాను. అల్లుడు క్షేమంగా లేకపోయినా నాకు పట్టింపు లేదు. నేను ఫోను చేసినప్పుడల్లా "అత్తగారు స్నానం చేస్తున్నారండీ" అంటాడు. మీరున్న త్రియెస్తే సముద్రమంతా తోడి పోసుకున్నా ఇన్నిసార్లు స్నానం ఎవరూ చెయ్యరు. ఒకవేళ నువ్వే ఎత్తినా నా గొంతు వినగానే పెట్టేస్తున్నావు. అందుకని కాగితం పట్టుకున్నాను. కావాలంటే చింపెయ్యి, కానీ చివరిదాకా చదివాక చింపు. చివర్లో ఒక సంగతి ఉంది. అది ఇంకొకరి నోటి నుంచి నీ చెవిన పడకముందే నా చేత్తో నీకు చేరాలి.

తప్పులుంటే దిద్దుకో. నేను బడికి వెళ్ళింది చలికాలంలోనే, అదీ అక్కడ పొయ్యి వేసేవాళ్ళని.

నీ ఉత్తరంలో అడిగినవాటికి జవాబులు. మాత్రలు వేసుకుంటున్నాను. తెల్లవి పొద్దున, పచ్చవి గుర్తొచ్చినప్పుడు. ద్రాక్ష తీగలు కత్తిరించాను. వంటింటి కిటికీ రెక్క బాగుచెయ్యలేదు. ఎందుకు చెయ్యాలి? దాని చప్పుడుకి నన్ను తిట్టేవాళ్ళు ఇంట్లో లేరు. మొక్కజొన్న పిండి పొలెంతా మాడుతోందా అన్నావు. మాడుతోంది. మాడిందే తింటున్నాను. "నీది ఎద్దు రాశి, బుద్ధి కూడా ఎద్దుదే" అని రాశావు. నాది ఎద్దయితే నీది చేప. చేతిలోంచి జారిపోయి కూతురింట్లో తేలావు.

ఆఖర్న ఒక్క ముక్క రాశావు: "నా స్కార్ఫు దొరికిందా?" ఈ ఉత్తరమంతా దానికి జవాబే.

ముందు నా కోపం చెప్పనీ. ఆ రోజు నువ్వు నా మాట విననేలేదు. ఇప్పుడు విను. నువ్వు చర్చికి వెళ్ళావు. ఎర్ర కోటు వేసుకున్న పట్నం ఆవిడ ఒకతె మన మెట్లెక్కి వచ్చింది.

"పెద్దాయనా, ఈ ఊరి ఆడవాళ్ళు పట్టు స్కార్ఫులకి చేత్తో అంచులు చుట్టేవారట కదా. పాతవేమైనా ఉంటే కొనుక్కుంటాను" అంది.

"అద్దకం మిల్లు మూతపడి ఎంతకాలమైందో తెలుసా తల్లీ? ఇంకేముంటాయి?" అన్నాను.

అక్కడితో పోయేదే. వెళ్తూ వెళ్తూ మన ముంగిట గోడ మీద చెయ్యి వేసింది. "సున్నం లేకుండా రాళ్ళు పేర్చారు! ఎవరు కట్టారండీ ఇది?"

"నేనే."

"నిజంగానా? ఇంత అందమైన గోడ నేనెక్కడా చూళ్ళేదండీ."

ఒర్సొలా, ఆ గోడ కట్టినప్పుడు నువ్వు ఏమన్నావు? "ఇక్కడ కోడి దూరే సందు వదిలావు" అన్నావు. అంతే. మళ్ళీ ఇన్నేళ్ళలో దాని ఊసెత్తలేదు. ఎవరో దారినపోయే మనిషి అందమైన గోడ అంటే నేను కూర్చోమనకుండా ఎలా ఉంటాను? వైను పోశాను. ఎండు చేపలు కాల్చి పెట్టాను. ఇంకా ఏదో ఇవ్వాలనిపించింది. నీ సొరుగు తెరిచాను. కాగితం మడత విప్పాను. ముదురు నీలం పట్టు మీద గుండ్రంగా పన్నెండు రాశులు, మధ్యలో సూర్యుడు, చేప తోక పక్కన ఎవరో పెద్ద డిజైనరు సంతకం. ఆవిడ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. పర్సు తీసింది. "పర్సు లోపల పెట్టు తల్లీ. అబ్బొందియో ఇంట్లో గుడ్డలు అమ్మరు. నచ్చిందా, తీసుకెళ్ళు" అన్నాను. ఆ మాట అనేటప్పుడు ఛాతీ ఎంత విరుచుకున్నానో ఇప్పుడు రాయడానికి ఒళ్ళు మండుతోంది.

నువ్వు చర్చి నుంచి వచ్చి ఖాళీ కాగితం చూశావు. "అది నీదా, ఇవ్వడానికి?" అన్నావు. సంచి సర్దుకున్నావు. అరిచి ఉండాల్సింది. నేనూ అరిచేవాణ్ణి. రాత్రి భోజనానికల్లా గొంతులు పోయి ఇద్దరం ఊరుకునేవాళ్ళం. ఇన్నేళ్ళూ అలాగే కదా సంసారం చేశాం. ఒక్క మాట అని వెళ్ళిపోవడం ఎక్కడ నేర్చుకున్నావు?

అది నీకు ఎలా వచ్చిందో నేను మరిచిపోలేదు. మిల్లు మనిషి మోటారు సైకిలు మీద స్కార్ఫుల కట్ట తెచ్చి ఇచ్చేవాడు, అంచులు చుట్టినవి పట్టుకెళ్ళేవాడు. ఆఖరి కట్టలో ఒకటి నీ దగ్గర మిగిలింది. మనిషి రాలేదు, మిల్లుకి తాళం పడింది. నువ్వు ఏడాదంతా ఎదురుచూశావు, ఎవరో వచ్చి అడుగుతారని. ఆ తర్వాత "ఇక నాదే" అన్నావు. నివెస్ పెళ్ళికి మెడకి కట్టుకుని, ఎవరైనా గుర్తుపట్టి అడుగుతారేమోనని కోటు బొత్తాలు గడ్డం దాకా పెట్టుకున్నావు. ఇవన్నీ నాకు తెలుసు. తెలిసీ ఇచ్చాను. నీ కోపం దానికే అయితే సరే, అలాగే ఉంచుకో. నా కోపం ఇంకా పూర్తి కాలేదు.

పోయిన నెలాఖరు ఆదివారం మిలాన్‌లో కాలువ గట్టు సంతకి వెళ్ళాను. పాత సామానంతా అక్కడికే చేరుతుందని బారులో చెప్పారు. మనుషులు పాత కుర్చీలకి, పగిలిన దీపాలకి కొత్తవాటికంటే ఎక్కువిస్తున్నారు. మొదటి కొట్టువాడి చెవికి పోగు ఉంది.

"రాశులున్న పట్టు స్కార్ఫు ఉందా?" అన్నాను.

"ఏ కంపెనీది తాతా?"

"మా ఆవిడది."

"మా ఆవిడ కంపెనీయా? ఎప్పుడూ వినలేదే!" అని పక్క కొట్టువాడి వంక చూసి పళ్ళికిలించాడు. వాడి బల్ల మీద దిండు ఉంది. దాని మీద పీత బొమ్మ, పట్టు.

"ఇదేంట్రా?"

"కర్కాటకం దిండు తాతా. అసలు సిసలు పాత పట్టు."

"మిగతా పదకొండు రాశులేవి?"

"మిగతా పదకొండు దిండ్లు."

చేత్తో చుట్టిన అంచుని కత్తిరించి చెత్తబుట్టలో పారేశాడు, ఒర్సొలా. ఆ అంచు ముక్కలు పురుగుల్లా చుట్టలు చుట్టుకుని పడి ఉన్నాయి. నేను అరిచాను. ఏమని అరిచానో నువ్వు అడగకు, ఫాదర్ దగ్గర కూడా చెప్పుకోలేదు. జనం మూగారు. పోలీసు కూడా అటు తిరిగి చూశాడు. ఆ దిండు పసుపు రంగుది, నీలం కాదు. అది చూశాక నా ప్రాణం కుదుటపడింది. ఇంకో చోట ఒక పిల్ల తులారాశి కనబడేలా స్కార్ఫుని చేతి సంచి పిడికి చుట్టుకుంటోంది. "అది మెడకి కట్టుకునేది అమ్మాయీ" అన్నాను. "ఇప్పుడు ఇలాగే తాతా, మీ కాలం పోయింది" అంది. నా కాలం పోతే నా పెళ్ళాం కుట్టిన గుడ్డ నీకెందుకు?

వంతెన దాటాక దొరికింది. దొనాతా అనే ఆవిడ కొట్టు. తీగ మీద నీలం రాశిచక్రాలు ఆరేసినట్టు మూడు వేలాడుతున్నాయి. మూడూ ఒకటే. ఎర్ర కోటు గురించి అడిగాను.

"ఆవిడే ఒకటి తెచ్చి ఇచ్చింది. మిగతా రెండూ ముందు నుంచి నా దగ్గరున్నవే. మూడూ ఒక డబ్బాలో వేశాను. ఏది ఏదో ఇప్పుడు తెలీదు" అంది.

"అది మాది. ఇచ్చెయ్."

"నేను డబ్బిచ్చి కొన్నాను పెద్దాయనా."

"నేను ఆవిడకి ఊరికే ఇచ్చాను!"

"అయితే మనిద్దరికంటే ఆవిడే తెలివైంది" అంది. నవ్వలేదు. కుర్చీ జరిపి కూర్చోమంది. అంతా విని, "మీ ఆవిడ చేతి కుట్టు అంటున్నారుగా. కుట్టు మనిషికో రకంగా ఉంటుంది. మీరే చూసి చెప్పండి. మీది మీకు నేను కొన్న ధరకే ఇస్తాను, పైసా లాభం వద్దు" అంది.

మూడూ ఒళ్ళో వేసుకున్నాను. ఈ కొండ మీద ఏ గోడ ఎవడు కట్టాడో కళ్ళు మూసుకుని తడిమి చెబుతాను, అది నీకు తెలుసు. బావ కట్టింది, చచ్చిపోయిన పియేరో కట్టింది, తాగి కట్టింది, తొందరలో కట్టింది, అన్నీ చెబుతాను. ఆ అంచులు పట్టుకుంటే నాకు ఏమీ తెలియలేదు. సన్నటి చుట్ట, చిన్న చిన్న కుట్లు. మూడూ అలాగే ఉన్నాయి. ఆవిడ నన్నే చూస్తోంది. పక్క కొట్టువాళ్ళు కూడా చూస్తున్నారు.

"ఇదే" అన్నాను.

"ఖాయమేనా?"

"నా పెళ్ళాం చేతిపని నాకు తెలియదా?" అని గదమాయించాను. చలికాలం కట్టెలకని దాచిన లీరాలు లెక్క చూడకుండా బల్ల మీద పెట్టి తెచ్చుకున్నాను.

ఇంటికి వచ్చి ముందు పక్కింటి ఎర్సిలియాని పిలిచాను. ఆవిడ కూడా నీతోపాటు అంచులు చుట్టింది కదా, చూసి ఊరంతా చెబుతుందని. కళ్ళజోడు పెట్టుకుంది. మూల పట్టుకుని తిప్పింది.

"ఇది ఒర్సొలాది కాదు."

"మరెవరిదమ్మా?"

"నాది."

"నీకెలా తెలుసు?"

"నా చెయ్యి నాకు తెలియదా? ఒర్సొలా చెయ్యీ తెలుసు. ఏమయ్యా దున్నపోతూ, నలభై ఏళ్ళు నీ ఎదురుగా కూర్చుని కుట్టింది కదా!"

"అయితే ఆమెది ఎలా ఉంటుందో చెప్పు. వెళ్ళి మార్చుకొస్తాను."

"చెప్పను. అది నేను చెప్పాల్సింది కాదు."

కాళ్ళావేళ్ళా పడలేదు గానీ బతిమాలాను. చెప్పలేదు. నాకు వచ్చిన కోపానికి కిటికీ రెండో రెక్క కూడా ఊడింది.

ఇక రాయక తప్పనిది రాస్తాను. మనం ఇద్దరం ఒకే దీపం కింద కూర్చునేవాళ్ళం. నువ్వు కుట్టేదానివి. నేను కళ్ళెత్తి చూసింది ఆ దీపాన్నే, ఇంకా ఎంతసేపు కరెంటు కాలుస్తావని. నీ చేతులు చూడలేదు. ఎర్సిలియా వెళ్ళాక సొరుగులన్నీ తెరిచాను, నువ్వు కుట్టింది ఏదైనా ఉంటే పట్టుకుని చూసి నేర్చుకుందామని. ఒక్కటీ లేదు. నువ్వు కుట్టినవన్నీ ఎక్కడెక్కడి ఆడవాళ్ళ మెడలకో వెళ్ళిపోయాయి. నా గోడ గురించి నువ్వు కోడి సందు గురించైనా ఒక మాట అన్నావు. నీ కుట్టు గురించి నేను అదీ అనలేదు. నాకు ఎవరి మీద కోపమో నీకు ఈపాటికి తెలిసి ఉంటుంది.

ఇప్పుడు మొదట్లో చెప్పిన సంగతి. ఎర్సిలియా వెళ్ళేటప్పుడు ఆ స్కార్ఫు ఆవిడ చేతిలోనే ఉంది. ఆవిడ అడగలేదు. బల్ల మీద పెట్టడానికి చెయ్యి చాచింది, దాన్ని మాత్రం వదల్లేదు. మిల్లు ఆవిడకి ఒక్కటీ మిగల్చలేదు కదా. "ఉంచుకో" అన్నాను. ఈసారి అది నేను కొన్నదే, నేను ఇవ్వచ్చు. ఆవిడ దాన్ని కట్టుకుని ఆదివారం చర్చికి వచ్చింది, ముందు వరుసలో కూర్చుంది. ఇక ఊరు ఊరుకుంటుందా? ఒర్సొలా అటు వెళ్ళగానే ముసలాడు ఇటు పక్కింటావిడకి పట్టు కట్టబెట్టాడని బారులో, బేకరీలో, ఆఖరికి శ్మశానం గేటు దగ్గర కూడా అదే మాట. మీ పిన్ని కూతురు రోసాల్బా నీకు కాగితం కలం తీసే ఉంటుంది. దాని ఉత్తరం ముందు వస్తే అది చింపు, నాది కాదు. ఎర్సిలియాకి మోకాళ్ళు వంగవు, నాకు చెవి సరిగ్గా వినబడదు. మా ఇద్దరి మధ్య ఏం జరుగుతుందని వీళ్ళ ఏడుపు!

మొన్న మళ్ళీ మిలాన్ వెళ్ళాను. దొనాతాకి కాలువ వెనక సందులో చిన్న గది కొట్టు ఉంది. నేను తీసుకున్నది మాది కాదని చెప్పాను. "ఖాయమన్నారుగా" అంది. అబద్ధం చెప్పానన్నాను. మిగిలిన రెండూ ఎవరికీ అమ్మకుండా నెలాఖరుదాకా ఆపమని, దయచేసి అని అడిగాను. అవును, దయచేసి అనే అన్నాను, నమ్మకపోతే వచ్చి ఆవిణ్ణే అడుగు. ఆవిడ రెండూ తీగ మీంచి తీసి సొరుగులో పెట్టింది.

నువ్వు రావాలి. ఈ నెలాఖరు ఆదివారం మిలాన్ స్టేషనులో నేను గడియారం కింద నిలబడి ఉంటాను. ఆ రెండింట్లో నీది నువ్వే తియ్యి. తీసి, అది నీదని ఎలా తెలిసిందో నాకు వేలు పెట్టి చూపించు. నాకు త్వరగా తెలియకపోతే రెండోసారి చూపించు. విసుక్కుంటే విసుక్కో. ఆ తర్వాత స్టేషను నుంచి త్రియెస్తేకి ఒక బండి ఉంది, మన ఊరి వైపు ఒకటి ఉంది. నువ్వు ఏది ఎక్కినా నేను అక్కడ అరవను. అరవాల్సి వస్తే ఇంటికొచ్చి కోళ్ళ మీద అరుస్తాను.

మొన్న తిరిగొచ్చేటప్పుడు, ఆ ఆదివారానికి మిలాన్ నుంచి మన ఊరికి నీకు కూడా టిక్కెట్టు తీసేద్దామని కిటికీ దగ్గరికి వెళ్ళాను. డబ్బు బయటికి తీశాను. లోపలివాడు "ఒకటా, రెండా?" అన్నాడు. నేను డబ్బు మళ్ళీ జేబులో పెట్టుకుని వెనక్కి వచ్చేశాను. నిన్ను ఇంకా అడగలేదు కదా.

ఇట్లు,
ఇంకా నీ భర్తనే అనుకుంటున్న
అబ్బొందియో