సీటు చెప్పిన సంగతి

ప్రియమైన అమ్మకు,

నీ బండికి కొత్త సీటు పార్సిల్ లారీలో పంపాను. ఫోనులో చెబుదామంటే సగం వినకముందే "సరేలే, తిన్నావా" అంటావు, అందుకే ఈ ఉత్తరం. పాత సీటు ఊడదీసి దీన్ని బిగించుకోవడమే. తన్నే గేదెకు సూది వేసే పశువుల డాక్టరుకి రెండు బోల్టులు ఒక లెక్కా!

పోయినసారి ఇంటికొచ్చినప్పుడు నిన్ను స్టూలు మీద పరిచిన బంకమట్టిలో కూర్చోబెట్టి అచ్చు తీశాను కదా. నవ్వి నవ్వి చెడగొట్టబోయావు. ఆ అచ్చు కొలతలతోనే, నీ బరువు ఆనే రెండు ఎముకల కింద మా ఫ్యాక్టరీలో దొరికే అతి మెత్తటి ఫోమ్ పెట్టాను. మా పెద్ద ఇంజనీరు బొటనవేలితో నొక్కి చూసి, ఇంత మెత్తగా ఉంటే దూరాలకు ఆగదేమో అన్నారు. కూర్చునేది మా అమ్మ సార్, మీరు కాదు అన్నాను. వెనక సీటు గురించి పెద్దగా పట్టించుకోలేదు. నీ వెనక కూర్చునేది మందుల పెట్టేగా! పాత సరుకులో మిగిలిన గట్టి ముక్క ఒకటి కోసి అతికించేశాను.

నడుము నొప్పితో బండి నడపలేకపోతే ఊళ్ళు తిరగడం మాని హెడ్డాఫీసులో బల్ల ముందు కూర్చోవాలన్నాడా మీ అధికారి? నాన్న పోయిన ఏడాదే పట్టుబట్టి బండి నేర్చుకుని, వానల్లో, బురదలో తిరిగినదానివి. నిన్ను తీసుకెళ్ళి కూర్చోబెడితే ఆ బల్లకే జ్వరమొస్తుంది. సీటు సంగతి నాకు వదిలెయ్, బండి సంగతి నువ్వు చూసుకో.

ఎలా ఉందో దాచకుండా రాయి.

నీ గడుగ్గాయి

*

ముద్దుల గడుగ్గాయికి,

సీటు అందింది. బ్రహ్మాండంగా ఉంది. ఏటి అవతలి ఊరిదాకా వెళ్ళి వచ్చినా నడుము కిక్కురుమనలేదు. ఇదివరకు బండి దిగాక కాసేపు దాన్నే పట్టుకుని నిలబడాల్సి వచ్చేది. ఇప్పుడు దిగీ దిగగానే దొడ్లోకి నడిచి వెళ్ళిపోతున్నాను.

ఒక సంగతి చెబితే నవ్వుతావు. ఆ దారిలో ఇన్నేళ్ళుగా తిరుగుతున్నానా, చెరువు మలుపులో అన్ని కొంగలు వాలతాయని మొన్ననే చూశాను. గుంతలు చూసుకోవడంతోనే సరిపోయేది మరి. మోచేతుల నొప్పి కూడా తగ్గింది. నీ సీటు మోచేతులకు కూడా పనిచేస్తుందా ఏమిటి?

నొప్పి తగ్గిందని మా అధికారికి రాసి పడేశాను. నెలాఖరుకు స్వయంగా వచ్చి చూస్తాడట. రానీ. ఒక ఆవుకి ఈత కష్టమైతే తెల్లవారేదాకా చెయ్యి లోపల పెట్టి కూర్చున్నదాన్ని, ఇతనికి భయపడతానా?

అమ్మ

*

ప్రియమైన దొంగ అమ్మకు,

పరీక్షకు కావాలని అడగ్గానే సీటు తిప్పి పంపావు. తోటివాళ్ళందరి ముందూ గర్వంగా బల్ల మీద పెట్టి కవరు విప్పాను. మెత్తటి ఫోమ్‌కి ఒక గుణం ఉంది, కూర్చున్నవాళ్ళ ఆకారం దాచుకుంటుంది. పక్కన నీ మట్టి అచ్చు పెట్టి చూశాను. ముందు సీటులో పడిన గుంటలు నీవి కావమ్మా. నీకంటే బాగా బరువైన ఇంకెవరివో. పక్కల రెగ్జిన్ మీద మోకాళ్ళ రాపిడి ఉంది, అదీ నీ మోకాళ్ళు అందేచోట లేదు.

మట్టి అచ్చులో నీ ఎడమ వైపు కాస్త లోతుగా ఉంటుంది, నువ్వెప్పుడూ అటే ఒరుగుతావు గనక. సరిగ్గా అలా ఎడమవైపు ఎక్కువగా నిగనిగలాడేలా అరిగిన చోటు ఒకటి దొరికింది. ఎక్కడనుకున్నావు? వెనక సీటు మీద.

మా పెద్ద ఇంజనీరు నన్ను చూసి కళ్ళజోడు తుడుచుకున్నారు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతూ ఎవరూ చూడట్లేదనుకుంటుందట. ముందు కూర్చున్నది ఎవరు? అది తర్వాత చెప్పినా ఫరవాలేదు. ముందు ఇది చెప్పు. నువ్వసలు బండి నడపగలుగుతున్నావా? నెలాఖరుకు మీ అధికారి వచ్చి నడిపి చూపించమంటే ఏం చేస్తావు? నాకు భయంగా ఉందమ్మా.

నీ గడుగ్గాయి

*

ముద్దుల పోలీసుకి,

దొరికిపోయాను. కూతురు సీట్లు చేసేదైతే తల్లికి రహస్యాలుండవని తెలిసొచ్చింది.

నీ ముందు సీటు ఎక్కినప్పుడు పరుపులాగే ఉంది. ఏరు దాటేసరికి అణిగిపోయి, అడుగున రేకు ఎముకలకు తగలడం మొదలైంది. స్టూలు మీద నిటారుగా కూర్చున్నప్పుడు అచ్చు తీశావు, బండి మీద నేను ముందుకు వంగి నడుపుతాను. అది నీకూ తోచలేదు, నాకూ తోచలేదు. ఆ ఊళ్ళో బండి దిగాక మళ్ళీ ఎక్కలేకపోయాను. పాలకేంద్రం మేనేజరు తన పని మీద అక్కడికే వచ్చి ఉన్నాడు. తన వ్యానును డ్రైవరుకి అప్పగించి, నన్ను వెనక కూర్చోబెట్టుకుని నా బండి మీద ఇంటికి తీసుకొచ్చాడు. దారంతా ఒక్క నొప్పి లేదు. నువ్వు కోసి పడేసిన ఆ గట్టి ముక్క మహిమ.

సీటు బ్రహ్మాండం అని రాసింది అబద్ధం కాదు, ఏ సీటో చెప్పలేదంతే. నీ కష్టమంతా ముందు సీటు మీదే పెట్టావని తెలిసి ఎలా రాయను? ఆయన తిరిగేదీ ఆ ఊళ్ళే. రోజూ వచ్చి తాళం అడుగుతున్నాడు. పెద్దగా మాట్లాడడు, గుంత వస్తే మాత్రం ముందే చెబుతాడు. ఆయన వెనక కూర్చోవడం నాకు బాగుంది. నీ దగ్గర దాపరికమేముంది, చాలా బాగుంది.

కానీ గడుగ్గాయీ, మీ నాన్న ఉన్నన్నాళ్ళూ నేను వెనకే కూర్చున్నాను. ఆయన పోయాక ఎక్కడికీ కదల్లేక గుమ్మంలో నిలబడిపోయిన రోజులు నీకు తెలియవు. వెనక కూర్చోవడం నాకిష్టమే. వెనక కూర్చోవాల్సి రావడం ఇష్టం లేదు. నన్ను ముందుకు పంపించు.

అమ్మ

*

ప్రియమైన అమ్మకు,

రెండు రోజులు నా మీద నాకే కోపం వచ్చింది, మూడోరోజు పని మొదలుపెట్టాను. మిగిలిపోయిన ఆ గట్టి ఫోమ్ రకమే ఈసారి ముందు సీటుకి పెట్టాను. ఫ్యాక్టరీలో నీ ఒడ్డూ పొడుగూ ఉన్న ఒక అమ్మాయిని బండి మీద నీలాగే వంగి కూర్చోమని కొలతలు మళ్ళీ తీశాను, నీ ఎడమ ఒరుగుడు కూడా లెక్కలో వేసుకున్నాను. నడుము చివరి ఎముక ఆనే చోట ఫోమ్ తీసేసి ఖాళీ వదిలాను. సందేహం తీరడానికి నేనే రోజంతా నడిపి చూశాను. పెద్ద ఇంజనీరు బొటనవేలితో నొక్కబోతే, నొక్కడం కాదు సార్, ఎక్కండి అన్నాను. పొద్దున వెళ్ళినాయన సాయంత్రానికి వచ్చారు, దిగి మామూలుగా నడిచి వెళ్ళారు.

ఎక్కగానే గట్టిగా ఉందని తిట్టుకుంటావు. తిట్టుకో. ఏరు దాటాక మాట్లాడు.

నీ గడుగ్గాయి

*

ప్రియమైన నా ఇంజనీరుకి,

ఎక్కగానే తిట్టుకున్నాను. ఏరు దాటాక మరిచిపోయాను.

అధికారి నిన్న వచ్చాడు. ఏటి అవతలి ఊళ్ళో ఒక గేదెకు కడుపుబ్బరం అని కబురొస్తే, చూస్తారా రండి అని నేను బండెక్కాను. ఆయన జీపు నా దుమ్ములోనే వచ్చింది. గేదె లేచి నిలబడింది, నేనూ నిలబడే ఉన్నాను. హెడ్డాఫీసులో బల్ల వేరేవాళ్ళకి ఇస్తామని చెప్పి వెళ్ళిపోయాడు.

తిరుగు ప్రయాణంలో పాలకేంద్రం ఆయన నా వెనక ఎక్కాడు. వ్యాను చెడిపోయిందన్నాడు, నేను నమ్మలేదు. చెరువు మలుపు దగ్గర వెనకనుంచి ఏదో అడిగాడు. ఇంజను చప్పుడులో సగమే వినపడింది, కానీ ఏమడిగాడో తెలిసిపోయింది. బండి ఆపాను. అలాంటి మాట వెనకనుంచి అడక్కూడదు, దిగి నా ముందుకొచ్చి అడగమన్నాను. పాపం, వచ్చి నిలబడ్డాడు. చెమటలు పట్టాయి, అయినా అడిగాడు. నేను హ్యాండిలు వదలకుండానే, "మా అమ్మాయిని అడగాల్సిన పని లేదు, నాకిష్టమే. ఇంక ఎక్కండి, ఇంకో ఊరికి వెళ్ళాలి," అన్నాను.

అయినా నీకు చెబుతున్నాను. సెలవు పెట్టి పెళ్ళికి రా.

నీ అమ్మ